ప్యో బాబాయి ఏడేళ్ళ ఫోను

ప్యో గిజుంగ్ బాబాయి ఏ వస్తువు కొనబోయినా ధర అడగడు, రంగు అడగడు. "అమ్మాక ఎన్నేళ్ళు చూసుకుంటారు?" అని మాత్రం అడుగుతాడు. ఓడల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. కొరియాలో మా బూసాన్ రేవు చేపల బజారు పక్కన రైస్ కుక్కర్లు అమ్మే పెద్దమనిషి ఆయన్ని దూరంనుంచి చూసి షట్టరు దించేసేవాడు.

పోయిన వసంతంలో ఆయన నా ఫోన్ల షాపు మెట్లెక్కాడు.

"ఈ కెమెరా చూడండి బాబాయ్, చందమామ మీద గుంటలు కూడా కనిపిస్తాయి!"

"చందమామతో నాకేం పనమ్మా? దొంగలు దూరకుండా సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు పంపుతారు?"

"రెండేళ్ళు."

"నా చెప్పులకే ఆరేళ్ళు!"

మర్నాడు నోటుపుస్తకంతో వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నా స్టూలు మీదే కూర్చుని కంపెనీకి ఫోన్ చేసేవాడు. లైన్లో ఆగమని వాళ్ళు వినిపించే పాట నాకు కంఠతా వచ్చేసింది.

"ఏడేళ్ళంటున్నావు, బాగానే ఉంది. ఫోను విడుదలైన రోజునుంచా, నేను కొన్న రోజునుంచా?"

అవతలి పిల్ల పై అధికారిని అడిగొస్తానని వెళ్ళింది. మళ్ళీ పాట.

ఓ కొత్త జంట ఫోను ఎంచుకుంటుంటే, "వద్దు నాయనా, వచ్చే ఏడాదికి అప్‌డేట్లు ఆగి అది అనాథైపోతుంది" అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

"బాబాయ్, రేపట్నుంచి ఎదురు షాపుకెళ్ళండి!"

"అక్కడ రానివ్వడంలేదమ్మా."

నలభై ఒకటో రోజున ఒకటి ఎంచాడు. విడుదలై నెలే అయింది, ఏడేళ్ళ హామీ ఉంది. అక్షరాలు పెద్దవి చేయించాడు. తీరా నేను సిమ్ మార్చబోతే, రబ్బరుబ్యాండు చుట్టిన తన పాత మడత ఫోను ఇవ్వకుండా జేబులో పెట్టేసుకున్నాడు.

"మరి ఇది ఎవరికి?"

"పద."

ఎండుచేపలమ్మే తాక్ అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాడు. చలికాలంలో ఎవడో, "అమ్మా, నా ఫోను పగిలింది" అని కూతురి పేరుతో మెసేజి పెట్టి ఆవిడ కార్డు నంబరు కాజేయబోయాడు. ఆ భయంతో అవ్వ ఫోను డబ్బాలో పడేసి, అసలు కూతురితో కూడా మాట్లాడడం మానేసింది.

"పాతది నేర్చుకోడానికే ఆవిడకి ఏడాది పట్టింది," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "రెండేళ్ళకోసారి మార్చమంటే ఎప్పుడు నేర్చుకుంటుంది, ఎప్పుడు మాట్లాడుతుంది?"

ఏడేళ్ళదాకా ఢోకా లేదని బాబాయి చెబితే, అవ్వ ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు ఎనభై ఒకటి. ఏడేళ్ళదాకా నన్ను చావనివ్వవన్నమాట!"

"ముందు కూతురికి ఫోను చెయ్యి."

అవ్వ నంబరు నొక్కింది. అవతల్నించి, "అమ్మా! నువ్వేనా?"

"నా సంగతి సరే, నువ్వే నువ్వని నమ్మకమేమిటి? చిన్నప్పుడు నిన్నేమని పిలిచేదాన్ని?"

"ముల్లంగీ అని! ముల్లంగినే అమ్మా!"

ఆ అరుపు బజారంతా వినబడింది. చేపలు కొనేవాళ్ళు సైతం తలెత్తి చూశారు. బాబాయి ముక్కు గట్టిగా తుడుచుకుని, "ఇవాళ చలి ఎక్కువగా ఉంది" అన్నాడు, మండే ఎండలో.