ఛాట్‌లో పోని నవ్వు

బాన్సువాడలో ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన సాయవ్వకు దేవుడంటే లేని భయం ఛాట్ తీసేటోడంటే ఉండేది. కార్ఖానాలో బీడీలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయా లేదా అని చూసి, కాస్త వంకరున్నా తీసి పారేసే మనిషి వాడు.

బిడ్డ సహజ ఆమెను కంబోడియా గుళ్లు చూపిస్తానని తీసుకుపోయింది. రెండు రోజులు సాయవ్వ నస పెడుతూనే ఉంది. "గంట లేదు, తీర్థం లేదు, కొబ్బరికాయ కొట్టనియ్యరు. గిదేం గుడే? గీ మెట్లు కట్టిచ్చిన రాజుకు మోకాళ్లు లేకుండెనా?"

మూడో రోజు అంగ్‌కోర్ వాట్‌కు పోయారు. గోడల నిండా అప్సరసలే. ఇంతమందిలో ఒకరి లెక్క ఒకరు ఉండరని గైడు చెప్పిన మాటను సహజ తెలుగులో చెప్పింది.

సాయవ్వ మూతి తిప్పింది. "మా కార్ఖానాల అయితే అన్నీ ఛాట్‌ల పోతుండె."

ఇంకొంచెం ముందుకు పోయాక గైడు ఒక బొమ్మను చూపించాడు. మిగతావన్నీ మూతులు ముడుచుకుని నవ్వుతుంటే, ఇదొక్కతే పండ్లన్నీ బయటపెట్టి ఇకిలిస్తోంది. ఎందుకో ఎవరికీ తెలియదన్నాడు.

సాయవ్వ కూడా పండ్లు బయటపెట్టింది.

"నాకెరుకనే! ఛాట్ తీసేటోడు చాయ తాగనీకి పోయినప్పుడు చెక్కిండ్రు."