తొమ్మిది మంది అమ్మాయిలకు ఒకటే ఆప్షన్

ఒకే మట్టి నుంచి మనుషులను తీసి, ఒక్కొక్కరిలో ఒక్కో రకం ఆశ పెట్టిన దేవునికి స్తోత్రం. ఆ ఆశలేమిటో అడగకుండానే తుడిచేసిన నా చేతుల గురించి రాస్తున్నాను.

2023 జూన్. గద్వాలలో నా ఆన్‌లైన్ సెంటర్ కిక్కిరిసి ఉంది. డిగ్రీ అడ్మిషన్లకు వెబ్ ఆప్షన్స్ పెట్టే చివరి రోజు. వెబ్ ఆప్షన్స్ అంటే తనకు కావలసిన కాలేజీలను, కోర్సులను విద్యార్థి వరుసగా ఎంచుకోవడం. పైన పెట్టినదానికే మొదటి అవకాశం. ఫ్రీజ్ నొక్కితే ఆ వరుస ఖాయమవుతుంది. మళ్ళీ మార్చాలంటే రిజిస్టరు చేసిన ఫోనుకు ఓటీపీ రావాలి.

ఉదయమే ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో వచ్చాడు. పీఆర్వో అంటే ఊళ్ళు తిరిగి పిల్లలను పోగుచేసే మనిషి. తొమ్మిది మంది అమ్మాయిల హాల్ టికెట్లు, వాళ్ళ తండ్రుల ఫోన్లు ఒక సంచిలో తెచ్చాడు.

"అందరికీ మా కాలేజేనన్నా, బీకామ్ కంప్యూటర్స్. కొట్టి ఫ్రీజ్ చెయ్యి."

కొట్టాను. ఏటా అట్లాగే కొట్టేవాణ్ణి. ఒక్క అమ్మాయి ముఖం కూడా చూసేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం వాళ్ళలో ఒకమ్మాయి వచ్చింది. పేరు సునీత. అయిజ దగ్గరి పల్లె. పత్తి విత్తనాల చేలల్లో కూలికి పోయే కుటుంబం. ఇంటర్‌లో బైపీసీ చదివింది.

"అన్నా, నా పేరు మీద ఏం కొట్టినవ్?"

చూపించాను.

"బీకామా? స్కాలర్‌షిప్ కోసమని చెప్పి మా నాయిన ఫోన్ తీస్కపోయిండు ఆ సారు. నన్ను ఒక్క మాట అడిగితే మీ నోరు అరిగిపోతుండెనా?"

తప్పు ఒప్పుకోవలసినవాణ్ణి, పెద్దరికం తెచ్చిపెట్టుకున్నాను. "సరే, నీకేం గావాలె మరి?"

"అన్నీ గావాలె. బట్టలు కుడత. అమ్మది రాయచూరు దిక్కు, కన్నడ చదువుత. బోరు స్టార్టర్ ఖరాబైతే ఊళ్ళె నన్నే పిలుస్తరు. ఇగ చెట్లంటే నాకు పానం."

నేను మా సంఘంలో సండే స్కూల్ చెబుతాను. బైబిల్ వాక్యం నాలుక చివరే ఉంటుంది. "మనసు చీలినోళ్ళు నిలవరని వాక్యం చెప్తది బిడ్డా" అన్నాను.

"చీలలేదన్నా. నాలుగు ఇష్టాలు ఇచ్చింది దేవుడే గదా? తప్పయితే ఆయన్నే అడుగు."

విశ్వాసం గురించిన మాటను ఒక ఆడపిల్ల నోరు మూయించడానికి వాడాను. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ పోలేదు.

గొంతు తగ్గించి మళ్ళీ అడిగాను. "కుట్టుడు, స్టార్టరు నీకు ఇంటికాడనే వచ్చినయి. నీ అంతట నువ్వు నేర్చుకోలేనిది ఏది?"

"క్రాసింగ్" అంది. సాయంత్రం పత్తి మొగ్గలోంచి పుప్పొడి కాడలు తీసేసి, తెల్లారి దానికి మరో మొక్క పువ్వును రుద్దే పని అది. "చిన్నప్పటి సంది జేస్తున్న. రెండు చెట్లు గలిస్తే మూడో తీరు ఎట్ల పుడతదో ఒక్కలు చెప్పలే. అడిగితే, నీకెందుకే, చెయ్యి ఆడియ్యి అంటరు. అది తెల్వకుంట నేనుండలేను."

జెనెటిక్స్ ఉన్న బీఎస్సీ కోసం వెతికాం. మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు కాలేజీలో కనిపించింది. కానీ ఓటీపీ రావలసిన ఫోను ఎదుటి హోటల్లో చాయ్ తాగుతున్న పీఆర్వో దగ్గర ఉంది. వెళ్ళి సంచి ఇమ్మన్నాను.

"ఏందన్నా, పొద్దున మంచిగనే కొట్టినవ్. గింతల్నే పాస్టరువైనవా?" అని నవ్వాడు. "ఆ పిల్లతోని పెట్టుకోకు. దానికన్నీ గావాలని ఊళ్ళె అందరంటరు. గట్లైతే ఈడ ఫుల్ మీల్స్ తినిపో అను."

"ఆ ఫోన్లు మీ అయ్య కొన్నడా? ఇస్తవా, నువ్వేం జేస్తున్నవో ఈడున్నోళ్ళందరికి చెప్పాల్నా?" అని అరిచాను. హోటలంతా తిరిగి చూసింది. నా వెనకే వచ్చిన సునీత బల్ల మీది సంచి తీసుకుంది. అతడు ఆపలేదు.

ఓటీపీ వచ్చింది. మౌస్ సునీతే పట్టుకుంది. బీకామ్ తీసేసి ఆ బీఎస్సీని పైన పెట్టి, ఫ్రీజ్ కూడా తనే నొక్కింది. తర్వాత కుర్చీలోంచి లేవకుండా, మిగతా ఎనిమిది మంది ఇళ్ళకు, పక్కిళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అందరిదీ ఒకే ఊరు. ఐదుగురు దొరికారు. వాళ్ళు ఏది చెబితే అది పెట్టాం. ముగ్గురు చేలల్లో ఉన్నారు. గడువు అయిపోయింది.

సునీతకు సీటు వచ్చింది. హాస్టల్లో తోటి అమ్మాయిలకు జాకెట్లు కుడుతోందట. ఆ ముగ్గురికీ నేను కొట్టిన బీకామే పడింది. వాళ్ళకేం ఇష్టమో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు అమ్మాయి నా ఎదుట కూర్చుంటేనే ఆప్షన్ పెడతాను. పీఆర్వోలు వేరే సెంటర్లకు పోతున్నారు. సంచులు అట్లాగే నడుస్తున్నాయి. ఇన్ని ఇష్టాలేంటని పిల్లలను కసిరే పెద్దలు, ఏ ఇష్టమూ అడగని ఆ సంచికి మాత్రం ఫోను తీసి ఇస్తున్నారు.

చదివిన మీరు నాతో కలిసి ప్రార్థించండి. ఆ ముగ్గురికి దేవుడు మరో తలుపు తెరవాలని. ఈ కోపం నాలో చల్లారకూడదని. ఆమేన్.