ఫుట్‌పాత్ మీద కుర్చీలు

జనగామ మెయిన్ రోడ్డు మీద నడవడమంటే ఓదెమ్మకు రోత. మోరీ మీద బండలు పగిలిపోయి, సందుల్లోంచి కంపు ముక్కు పుటాలు అదరగొట్టేది. ఫుట్‌పాత్ అని కట్టిన చోట బజ్జీల బండి, సెల్‌ఫోన్ దుకాణం బోర్డు, అడ్డదిడ్డంగా నిలబెట్టిన బైకులు. నడిచే మనుషులు రోడ్డు మీదికి దిగాల్సిందే. రోడ్డు మీదేమో బస్సులు, పత్తి లారీలు. డివైడర్‌లో సందు ఎక్కడో దూరంగా ఉండటంతో బైకులవాళ్లు రాంగ్ రూట్‌లోనే ఎదురొచ్చేవాళ్లు. వెనక నుంచి వచ్చేదాన్ని చూసుకోవాలా, ముందు నుంచి వచ్చేదాన్నా?

భర్త పోయాక ఓదెమ్మ జాకెట్లు కుట్టి బతుకుతోంది. ఆమె తమ్ముడు ఎల్లేశ్‌కు ఆ రోడ్డు మీదే ప్లాస్టిక్ కుర్చీలు, పరుపులు అమ్మే దుకాణం ఉంది. పైనున్న చిన్న గదిని అక్క మిషన్ పెట్టుకోవడానికి ఇచ్చాడు, కిరాయి అడగలేదు. అందుకే అతను రోజూ ఫుట్‌పాత్ నిండా కుర్చీల దొంతరలు పేరుస్తున్నా ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. ఊరి వాళ్లందరినీ తిట్టుకునే నోరు అక్కడికి వచ్చేసరికి మూసుకుపోయేది.

రాఖీ పండుగ దగ్గరపడుతున్న రోజుల్లో ఒక పొద్దున రాజమౌళి వచ్చాడు. ఓదెమ్మ ఉండే గల్లీలోనే ఆయన ఇల్లు. ఒకప్పుడు మార్కెట్‌లో హమాలీ, ఇప్పుడు చేతికర్ర లేనిదే అడుగు పడదు. మనుమరాలి జాకెట్టు తీసుకుని, జాగ్రత్తగా మెట్లు దిగి వెళ్లాడు. ఓదెమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. కుర్చీలు అడ్డం రావడంతో ఆయన కర్ర ఊతంగా పెట్టుకుని రోడ్డు మీదికి దిగాడు. దిగీ దిగగానే రాంగ్ రూట్‌లో వచ్చిన బైకు ఆయన్ని ఎత్తి పడేసింది.

ఓదెమ్మ గబగబా కిందికి ఉరికింది. జనం మూగారు. కొందరు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. తుంటి విరిగిన రాజమౌళి కింద పడి మూలుగుతుంటే, ఎల్లేశ్ ఆయన పక్క నుంచే అటూ ఇటూ తిరుగుతూ కుర్చీల దొంతరలు లోపలికి మోస్తున్నాడు. ఒక్కసారి కూడా వంగి చూడలేదు. ఎవరో ఆటో ఆపితే, ఓదెమ్మే ఆయన తల ఒళ్లో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది.

సాయంత్రం ఆమె గదికి తిరిగొచ్చేసరికి ఎల్లేశ్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"అక్కా, జర నా మాట ఇను. పోలీసోళ్లు అడుగుతరు. ముసలాయన సూసుకోకుంట రోడ్డు మీదికి దిగిండని చెప్పు. కుర్చీల ముచ్చట తియ్యకు."

"మూలుగుతున్న మనిషిని దాటుకుంట కుర్చీలు మోసినవు గదరా."

"బజారంత గట్లనే పెట్టుకున్నరు. నా ఒక్కనిదే తప్పా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకు మరింత అసహ్యం పుట్టించింది. మర్నాడు కానిస్టేబుల్ వస్తే చూసింది చూసినట్టు చెప్పింది. అతను బైకు సంగతి మాత్రం రాసుకుని, కుర్చీలు తమ పని కాదు, మున్సిపాలిటీ వాళ్లు చూసుకోవాలని వెళ్లిపోయాడు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బజ్జీల బండిని పక్కకు జరిపించి, ఫోటో దిగి పోయారు. ఎల్లేశ్ అక్కతో మాట్లాడటం మానేశాడు. మరదలు ఆమెకు దారి లేకుండా మెట్ల మీద పరుపుల మూటలు పెట్టించింది. ఓదెమ్మ ఎవరికీ చెప్పకుండా మిషన్‌ను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

రాఖీ నాడు ఆమె తమ్ముడి ఇంటికి పోలేదు. మధ్యాహ్నం అతనే వచ్చి గడపలో నిలబడ్డాడు. రాజమౌళి పెద్దనాయినను ఒక్కసారన్నా చూసొచ్చినవా అని అడిగింది. అతను తల దించుకున్నాడు. ముందు అక్కడికి పోయి రమ్మంది. పోయి వచ్చాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఓదెమ్మ రాఖీ కట్టింది.

మర్నాడు దారం కోసం బజారుకు పోతే, కుర్చీలు ఎప్పటిలాగే ఫుట్‌పాత్ మీద ఉన్నాయి. దొంతరల ముందు ఎల్లేశ్ రాఖీ ఉన్న చేత్తో దుమ్ము దులుపుతున్నాడు. ఓదెమ్మ ఒక్కో దొంతర ఎత్తుకుపోయి దుకాణం లోపల, అతని గల్లా ముందు పడేసింది. బజారు బజారంతా చూస్తోంది. ఎల్లేశ్ ఆపబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత రోజు కూడా వచ్చింది, మళ్లీ పడేసింది. సిగ్గుకో, విసుగుకో, అతను కుర్చీలు బయట పెట్టడం మానేశాడు.

చలికాలానికి రాజమౌళి వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. దవాఖానలో చూపించుకోవడానికి ఓదెమ్మే వెంట తీసుకుపోయింది. ఎల్లేశ్ దుకాణం దాకా వచ్చాక ఇద్దరూ ఆగిపోయారు. ఖాళీ అయిన ఆ జాగాలో పక్క దుకాణానికి వచ్చినవాళ్ల బైకులు నిండా నిలబెట్టి ఉన్నాయి.

"ఛీ," అంది ఓదెమ్మ. "మనిషి పట్టే సందు కనవడితే సాలు, తెచ్చి బండి వెడ్తరు."

రాజమౌళి వాకర్ ఎత్తి రోడ్డు మీద పెట్టాడు. ఆమె వాహనాలు ఆయనకు తగలకుండా ఆ వైపుకు వచ్చి, చెయ్యి అడ్డంగా చాపి, ఎదురొస్తున్న బైకును తిడుతూ నడిచింది.