పంతుల్నీ పాలసీ అడిగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని పది రోజుల కిందట కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఆమె వేయించిన పందిట్లో పెళ్ళి చేసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఈ నాలుగు మాటలు వాళ్ళ కోసం.

పెదనాన్న పోయాక టెంట్‌హౌస్ ఆమే నడిపింది. గుంజలు, బట్టలు సొంతం. కట్టేవాళ్ళు, లైట్లవాళ్ళు మాత్రం బయటి కాంట్రాక్టు మనుషులు. పందిట్లో ఎవరికి దెబ్బ తగిలినా, ఏది పాడైనా ఆదుకుంటుందని ఇన్సూరెన్స్ తీసుకుంది. ఓ పెళ్ళిలో గేటు ముందరి ఆర్చి సరిగ్గా పెళ్ళికొడుకు కారు మీద కూలింది. పెద్దమ్మ ధీమాగా కంపెనీకి కబురు పెట్టింది.

"ఆర్చి కట్టినవాళ్ళు మీ మనుషులు కాదు కదమ్మా. కాంట్రాక్టువాళ్ళు చేసిన పనికి మీ పాలసీ వర్తించదు. వాళ్ళకు సొంతది ఉండాలి," అన్నాడు చూడవచ్చిన ఆఫీసరు.

"గుంజ నాది, బట్ట నాది, తిట్లు తిన్నది నేను. కట్టినోడొక్కడు నావోడు కాకుంటే అంత పాయెనా?"

పోయింది. కారు ఆమే బాగు చేయించింది. అప్పటినుంచి సొంత పాలసీ లేనివాణ్ణి గుంజ ముట్టనివ్వలేదు.

మిర్యాలగూడ లైట్ల కాంట్రాక్టరు గింజుకున్నాడు. "పనిస్తున్నవా, సంబంధం సూస్తున్నవా అక్కా? గిన్ని కాగితాలెందుకు?"

"సంబంధమైతే గిన్ని అడగ. అల్లుడు పడితే వాళ్ళమ్మ లేపుకుంటది. నీ లైటు స్తంభం పడితే ఎవరు లేపాలె?"

సూర్యాపేటలో ఒక పురోహితుడు టెంటు బట్ట పక్కనే హోమం రాజేస్తుంటే ఆయన్నీ వదల్లేదు.

"పంతులుగారూ, మీకు పాలసీ ఉందా?"

"నాకు భగవంతుడున్నాడమ్మా."

"ఉండనీయుండ్రి. ఆయన పాలసీల నా టెంటు రాసుందా? జర గుండం అవుతలికి జరపండ్రి."

పెళ్ళికూతురు పీటల మీదే పకపకా నవ్వింది. గుండం జరిగింది.

తర్వాతి వేసవిలో మిర్యాలగూడలో గాలివానకు లైటు స్తంభం కూలి పెళ్ళికూతురి మేనమామ కాలు విరిగింది. ఆ లైట్ల కాంట్రాక్టరు దవాఖాన మెట్ల మీద తల పట్టుకుని ఏడుస్తున్నాడు. "ఏడ్సుడు ఆపి నీ కంపెనీకి ఫోన్ కొట్టు," అంది పెద్దమ్మ. దవాఖాన ఖర్చంతా అతని పాలసీయే కట్టింది. లేకుంటే పొలం అమ్ముకునేవాడు.

ఆ మేనమామ లేచి నడిచేదాకా పెద్దమ్మ కోదాడ నుంచి బస్సులో క్యారియర్ నిండా ఎముకల పులుసు పట్టుకుపోయింది. "కంపెనీ ఇస్తోంది కదా, నీకెందుకీ శ్రమ?" అన్నాను.

"కంపెనీ కట్టు కట్టిస్తది. బొక్కల పులుసు పోస్తదా?"

నిన్న ఆమె దశదిన కర్మ. భోజనాలు సగంలో ఉండగా గాలి లేచి టెంటు ఒక్కసారిగా పైకి ఉబ్బింది. ఎవరికి దగ్గరున్న గుంజను వాళ్ళు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ, గాలి తగ్గేదాకా అలాగే తిన్నారు.