అడుగు తగలని బురద

"సార్, టిపినీ తినేసి ఎల్లండి" అన్నాను.

"ముందు వాళ్లకి పెట్టమ్మా" అన్నాడు.

మొగుడికీ పెళ్లానికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. సార్ అన్నది నేను. అమ్మా అన్నది నా మెడలో పుస్తె కట్టిన మా బావ, మా నాన్నకు సొంత అక్క కొడుకు. ఆ మాట అని, తనతో చదివే అబ్బాయినొకణ్ణి వెంటబెట్టుకుని ఉప్పుటేరు వైపు వెళ్లిపోయాడు. వసారాలో కూర్చున్న మిగతావాళ్లకు నేను ఉప్మా పెట్టాను.

అతనితో చదివినవాళ్లు ఆ రోజుల మీద పుస్తకం వేస్తున్నారట. నన్ను కూడా రెండు మంచి మాటలు చెప్పమని ఫోన్ చేశారు. నాకు నాలుగో తరగతి చదువు, అందులో సగం మర్చిపోయాను. అందుకని నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. మంచి మాటలు ఏవైనా ఉంటే మధ్యలో వస్తాయి, లేకపోతే లేదు.

మాది నెల్లిమర్ల పక్క. వరి, గోగు వేసే ఇళ్లు. మా ఇంట్లో సముద్రాన్ని చూసినవాళ్లే తక్కువ. మా పెళ్లయిన ఏడాదే మా బావకు యూనివర్సిటీలో సముద్రం చదువుకు సీటొచ్చింది. ఉప్పునీటిలో, బురదలో ఏ జీవి ఎక్కడ బతుకుతుంది, దాన్ని ఏది తింటుంది, అది పోతే ఇంకేం పోతుంది, ఇదే ఆ చదువు. మెరైన్ ఎకాలజీ అనేవాడు. ఆ మాట అనేటప్పుడు వేడి కాఫీ తాగుతున్నట్టు మూతి జాగ్రత్తగా పెట్టేవాడు.

ఆఖరి ఏడాది వాళ్లకు ఒడ్డునే ఉండి చేయాల్సిన పని పడింది. నాగావళి సముద్రంలో కలిసే వైపు, చేపలు పట్టేవాళ్ల ఊరి చివర ఒక పాత ఇల్లు తీసుకున్నారు. వంటకు మనిషి దొరకలేదు. మా బావ ఇంటికి ఫోన్ చేశాడు, మా అత్త నన్ను పంపింది. నేను సంబరపడ్డాను, ఎందుకు దాచాలి. పెళ్లినాటి పట్టుచీర కూడా సంచిలో పెట్టుకున్నాను.

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కబోతుంటే చెప్పాడు.

"అక్కడ బావా గీవా అనకు. సార్ అను. మా ఊర్నించి వంటకొచ్చిన మనిషని సెప్పినాను."

"ఎందుకలగ సెప్పినావు?"

"అద్దంలో సూసుకున్నావేటి ఎప్పుడైనా? ఆల్ల మద్దిన నిలబడి నువ్వేటి మాటాడతావు?"

ఆటో కదిలింది. నా సంచి తన సామాను పెట్టె కింద నలిగిపోయింది, తీసి పైన పెట్టలేదు.

వాళ్ల పని ఇలా ఉండేది. సముద్రం వెనక్కి తగ్గి ఏటి బురద బయటపడగానే దిగేవారు. పైపులతో చేసిన నలుచదరపు చట్రాన్ని బురద మీద వేసి, దాని లోపల ఉన్న పీత బొరియలూ నత్తలూ లెక్కపెట్టేవారు. తర్వాత ఆ మేర బురద తవ్వి బకెట్లో తెచ్చేవారు. ఆ బురదను నీళ్లలో ఊపుతూ జల్లిస్తే, జల్లెడలో దారప్పోగుల్లాంటి పురుగులు మిగులుతాయి. వాటిని మందు నీళ్ల సీసాల్లో వేస్తారు. ఆ మందు వాసనకు కళ్లు మండేవి. రెండో రోజు నుంచి జల్లించే పని కూడా నాదే. ఒకసారి ఊపు ఎక్కువై పురుగు తెగిపోయింది. "నెమ్మదమ్మా, అది మీ ఇంటి చేట కాదు" అన్నాడు మా బావ. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది అతనే.

ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా, వాళ్లలో ఉన్న అమ్మాయి, మంచిదే పాపం, నన్ను అడిగింది.

"మీ ఆయన ఏం చేస్తారండీ?"

"బురదలో పని."

"వ్యవసాయమా?"

"అలగే అనుకోండి. రోజూ దిగుతాడు, కడుక్కోడానికి నీల్లు నేనే తోడతాను."

మా బావ చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. ఆ సాయంత్రం బావి దగ్గర నా జబ్బ పట్టుకుని నొక్కాడు. ఇంకోసారి ఇలాంటి ఎకసెక్కాలు ఆడితే బస్సెక్కించేస్తానన్నాడు. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. ఈ పని ముగిసి అందరూ సామాన్లు సర్దుకునేలోగా ఒక్కసారి, ఆ వసారాలో వాళ్లందరి ముందూ, ఇది నా పెళ్లాం అనాలి. అంతే. దానికోసమే ఉన్నాను. లేకపోతే మొదటి రోజే బస్సెక్కేసేదాన్ని.

ఇంకొక రోజు ఇంట్లో ఎవరూ లేరు. నన్ను పిలిచి, తను పురుగుల్ని పెద్దవిగా చూసే అద్దాల గొట్టం ముందు కూర్చోబెట్టాడు. కన్ను ఎక్కడ పెట్టాలో నా తల పట్టుకుని చూపించాడు. సీసాలో దారప్పోగులా కనబడిన పురుగుకు అందులో చూస్తే ఒంటి నిండా కాళ్లు, కాళ్ల నిండా వెంట్రుకలు. "సూడే, ఎంత సోకుగా ఉన్నాదో" అన్నాడు, మన మాటలోనే, నా చెవి పక్కన. నేను కన్ను తీయలేదు. బయట చెప్పుల చప్పుడైంది. వెంటనే అతని చెయ్యి నా తల మీంచి లేచిపోయింది. "జల్లెడ కడిగేశావా అమ్మా?" అన్నాడు.

ఇక ఆ ఉప్మా పెట్టిన పొద్దు. ఏటికి అవతలి గట్టు దగ్గర బురద ఎవరూ తవ్వలేదట, అక్కడిది తేవాలన్నాడు. అటు వెళ్తే నడుముకు తాడు కట్టుకోమని పడవవాళ్లు చెప్పారు. "మాది పొలం. బురద గురించి నాకు చెప్తారా" అని నవ్వి దిగాడట. వెంట వెళ్లిన అబ్బాయి నాకు తర్వాత చెప్పాడు.

దమ్ము చేసిన మడిలో కాలు మోకాలి దాకా దిగుతుంది. దిగి, కింద గట్టి నేల తగిలి ఆగుతుంది. మేం పుట్టినప్పటి నుంచి మా కాళ్లకు తెలిసింది అదే. కూరుకుపోతే రెండో కాలితో ఇంకా గట్టిగా తొక్కుతాం, అడుగు తగులుతుందని. మా బావ అదే చేశాడు. తొక్కినకొద్దీ దిగాడు. ఏటి బురదకు అడుగు ఉండదు. ఆ అబ్బాయి విశాఖపట్నం వాడు, ఎప్పుడూ బురద తొక్కినవాడు కాదు. భయపడి వెల్లకిలా పడిపోయాడు. బురద అతన్ని తేల్చింది, తాడు విసిరి లాగేశారు. మా బావ మాత్రం నిలబడే ఉన్నాడు, రైతు నిలబడినట్టు. అక్కడ నేనున్నా అలాగే తొక్కేదాన్ని. నడుం దాకా దిగినవాడు తాడుకు రాలేదు, పడవ అతని దగ్గరికి చేరేలోగా పోటు వచ్చేసింది.

అరుపులు విని నేను పరిగెత్తేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. బావా, బావా అని అరిచాను. వాళ్ల పని చూడ్డానికి వచ్చిన లెక్చరర్ అడ్డం వచ్చి, "వంటావిడని ఆపండి, గోల చేస్తోంది" అన్నాడు. ఈ పక్క అందరినీ బావా అనే పిలుస్తారు సార్ అని ఎవరో సర్దిచెప్పారు. ఇద్దరు నన్ను రెక్కలు పట్టుకుని వెనక్కి తీసుకుపోయారు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో శవాల గది తలుపు ముందు కానిస్టేబుల్ అడిగాడు.

"నువ్వేటవుతావమ్మా?"

"పెల్లాన్ని."

"షాక్‌లో ఉందండీ" అన్నాడు లెక్చరర్. అతనికి పెళ్లి కాలేదని మా అందరికీ తెలుసు అంది ఆ అమ్మాయి, ఏడుస్తూనే. నేను పుస్తె బయటికి తీసి చూపించాను.

"పుస్తె అందరికీ ఉంటాది" అన్నాడు కానిస్టేబుల్. "సొంతోల్లు వస్తన్నారు. అంతవరకు అలగెల్లి కూకో."

చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టారు. లోపల నా మొగుడు. మొహమైనా తుడిచారో లేదో తెలియదు. లేచి తలుపు దాకా వెళ్లినప్పుడల్లా కానిస్టేబుల్ కర్ర అడ్డం పెట్టాడు. కసురుకోను కూడా లేదు, కుక్కను అదిలించినట్టు పెట్టాడు, అంతే.

పొద్దు వాలుతుండగా మా అత్త వచ్చింది. వ్యాను దిగుతూనే నన్ను చూసింది. నా జుట్టు పట్టుకుని చెప్పుల మధ్యలోనే వంచి వీపు మీద గుద్దింది.

"నా కొడుకుని మింగీసినావు గదే, ముండా! పెల్లాం దగ్గరుంటే కాసుకుంటాదని పంపితే మింగీసినావు గదే!"

అందరూ విన్నారు. లెక్చరర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కానిస్టేబుల్ కర్ర తీసి గోడకు ఆనించి, తలుపు తెరిచి, "ఎల్లమ్మా" అన్నాడు. వీపు మండుతుంటే లోపలికి వెళ్లాను. మొహం ఎవరూ తుడవలేదు. ముక్కులో, చెవుల్లో బురద. పైట కొంగు తడుపుకుని నేనే తుడిచాను.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, "మాకు ముందే చెప్పి ఉండాల్సింది కదండీ" అంది. చెప్పి ఉంటే ఏం చేసేవారు? ఉప్మా మీరే కలుపుకునేవారా?

చెప్పాల్సింది అయిపోయింది. కానీ మా అత్త తిట్టిన చోట మా అన్న కూతురి చెయ్యి ఆగడం నేను చూశాను.

"అక్కడ ఏటి రాసినావే?"

"అత్తగారు చాలా బాధపడ్డారు అని రాసినానత్తా. పుస్తకంలో ఆ మాట బాగోదు."

"ఒసే, నేను పుస్తె సూపించినా తీయని తలుపు ఆ మాటకి తీసినారు. కొట్టేసి, అన్నది అన్నట్టు రాయి. రాసి సదువు, ఇంటాను."