సరసమ్మ నాడా చొక్కాలు

వేలూరు పెద్దాసుపత్రి ఎదుట లాడ్జీల సందులో ఎవరైనా కాళ్ల కింద చూసుకునే నడుస్తారు. సరసమ్మ మాత్రం మెడ వెనక్కి వాల్చి, మిద్దెల వైపు చూస్తూ నడిచేది. ఆమె ఎవరినీ గుద్దుకోకుండా మోచెయ్యి పట్టుకుని నడిపించడం మేనకోడలు మీనా పని.

"అత్తా, ఆటో!"

"వాడికి కండ్లు లేవా? ఆపుతాడులే. నువ్వు ఆ మిద్ది మీద చూడు. ఎర్రంచు తెల్లచీర పక్కన ఆరేసినారే, ఆ చొక్కాకి ఒక చెయ్యి లేదు."

నిజమే. చొక్కా ఎడమ చెయ్యి భుజం దగ్గరికి కత్తిరించేసి ఉంది. ఆ పక్క మిద్దె మీద నైటీ ఒకటి మెడ నుంచి నడుము దాకా చీల్చి, పిన్నీసులతో ఆడుతోంది. ఆ సందులో మీనా ఎన్నిసార్లు నడిచిందో. ఇవన్నీ ఎన్నడూ కంటపడలేదు.

అమ్మకు భుజం ఆపరేషనైనప్పుడు మీనా తొమ్మిదో తరగతి మానేసి ఇక్కడే లాడ్జీలో ఉండి చూసుకుంది. కట్టు మీదికి రవిక ఎక్కక అమ్మ ఏడుస్తుంటే, సరసమ్మ తమ ఊరు గుడియాత్తం నుంచి లుంగీ గుడ్డ తెచ్చి, ముందు వైపూ చేతుల పొడుగునా తెరుచుకునేలా నాడాలు పెట్టి కుట్టింది. అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. చొక్కా మాత్రం పక్క గది వాళ్లు అడిగి తీసుకున్నారు. అప్పటినుంచి సరసమ్మ తలలో ఒకటే ఆలోచన. ఇంట్లో మగ్గం ఉంది, కుట్టే చెయ్యి ఉంది, ఇక్కడ అంగడి ఒకటి పెడితే?

ఇంట్లో మగ్గం ఉందన్నమాటే గానీ అది ఎన్నాళ్లుంటుందో తెలియదు. చేనేత లుంగీలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పాత మగ్గాల బేరగాడు పెరుమాళ్ వచ్చి చూసి వెళ్లాడు. అది ఇచ్చేసి చెప్పుల ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరతానంటున్నాడు సరసమ్మ మొగుడు ధర్మలింగం. మరోపక్క, సందులో మెట్ల కింది గది అద్దెకిచ్చే వెంకటాద్రి, శుక్రవారం లోపల అడ్వాన్సు ఇవ్వకపోతే ఫోను కవర్లవాడికి ఇచ్చేస్తానన్నాడు. ఈ వ్యాపారం నిలబడితేనే మగ్గం ఇంట్లో ఉంటుంది.

తెలిసిన లాడ్జీ మేనేజరు లోగనాథన్‌ను అడిగి ఇద్దరూ అయిదో అంతస్తు మిద్దెక్కారు. చుట్టూ కొండలు, ఒక పక్క కోట, నడుమ చూపు ఆనినంత మేరా మిద్దెలు. ప్రతి మిద్దె మీదా తాళ్లు, తాళ్ల నిండా బట్టలు. ఊరు ఊరంతా రెక్కలు తెరుచుకుని ఎగరబోతున్నట్లు ఉంది.

"ఇంతమందా!" అంది సరసమ్మ మెల్లగా. "మనిషికొక చొక్కా లెక్క వేసుకున్నా మన మగ్గం చాలదే."

మీనాకి ఏదో చెప్పాలనిపించింది. మెట్లు దిగి, టీ తాగి, బస్‌స్టాండు చేరినాక గానీ మాట బయటికి రాలేదు.

"అత్తా... మేము ఉన్నప్పుడు అమ్మ చీర నెలంతా ఆ తాడు మీదే ఆరేసినాము. పైనుంచి చూసినోళ్లకి రోజూ కనబడి ఉంటుంది. చొక్కా కావాల్సింది మాత్రం ఒక్కసారే కదా."

సరసమ్మ నిలబడిపోయింది. కండక్టరు అరుస్తుంటే బస్సును పోనిచ్చింది.

"అయితే ఉండేవాళ్లను చూస్తే లాభం లేదు. కొత్తగా వచ్చేవాళ్లను చూడాల. వాళ్లు యాడ దిగుతారు?"

"కాట్పాడిలో."

మరుసటి రోజు ఇద్దరూ గుడియాత్తంలో తెల్లవారు రైలెక్కారు. లత్తేరి స్టేషను దాటేసరికి వెలుగొచ్చింది. కాట్పాడిలో రైలు పట్టాల మీది వంతెన ఎక్కి, కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. కొంతసేపటికి బెంగాల్ నుంచి వచ్చే రైలు ఆగింది.

తలుపుల్లోంచి జనం పారినట్లు దిగారు. ముసలాయన్ని వీపున మోసుకొస్తున్న కొడుకు. గుండు గీయించిన చిన్నపిల్ల, దాని నెత్తిన రంగు టోపీ. మూట మీద మూట, మూటల మధ్య స్టవ్వు. ఎవరికీ ఇక్కడి భాష రాదు. అయినా అందరి చంకలోనూ ఎక్స్‌రే కవరు, పసిబిడ్డను పొదువుకున్నట్లు. రెండు పగళ్లూ రెండు రాత్రులూ కూర్చుని, పేరు మాత్రమే విన్న ఊరికి ఇంత నమ్మకంతో వస్తారా మనుషులు!

సరసమ్మ లెక్కపెట్టాలని వచ్చింది. పెదాలు కదలడం ఆగిపోయి చాలాసేపయింది.

"ఏం పాపమే ఇది మీనా," అంది చివరికి. "ఇంకా వస్తే బాగుండునని నిలబడి చూస్తా ఉండాను. వచ్చేది రోగమని మరిచిపోయినాను."

మీనా చూపు అవతలి ప్లాట్‌ఫారం మీద పడింది. అక్కడ తిరిగి వెళ్లేవాళ్లు రైలు కోసం కూర్చున్నారు. దిగినవాళ్లకంటే వాళ్లే ఎక్కువ ఉన్నారు. సంచుల్లోంచి కొత్త చీరల అంచులు, పిల్లల చేతుల్లో బొమ్మలు.

"అత్తా, పొయ్యేవాళ్లను చూడు. అందరూ ఒకేసారి పోతున్నారెందుకు?"

ఆ ప్రశ్నకు లోగనాథన్ దగ్గర జవాబు దొరికింది. ఆయన పగలబడి నవ్వాడు.

"దుర్గాపూజ వస్తా ఉంది కదమ్మా! కుట్లు ఆరకపోయినా సరే, ఊరు చేరాల్సిందే వాళ్లు. వచ్చే నెల మా మిద్ది మీదికి కాకి కూడా రాదు. నేను కింద కూర్చుని ఈగలు తోలతాను. మళ్లీ దీపావళి దాటనీ, ఇప్పటిదానికి రెండింతలు."

సరసమ్మ శుక్రవారం వెంకటాద్రి దగ్గరికి వెళ్లి, గది దీపావళి తర్వాత తీసుకుంటానంది.

"నీ కోసం గదికి తాళమేసి కూర్చుంటానా తల్లీ? నేనేమైనా మీ అమ్మగారింటి పాలేరునా?"

"కాదు సామీ. ఇచ్చుకో. ఖాళీ సందులో అంగడి తెరిచి, ఆ నెలలోనే చేతులెత్తేసే యోగం నాకొద్దు."

ఆ సాయంకాలం ధర్మలింగం మగ్గం పక్కన కూర్చుని అంతా విని, తువ్వాలు విదిలించాడు.

"భలే యాపారమే నీది! ఉన్న గదీ పోగొట్టుకొచ్చినావు. పెరుమాళ్‌ను రమ్మననా?"

"రమ్మను. వచ్చి కాఫీ తాగి పోతాడు. నువ్వు మాత్రం సన్నదారం పెట్టి నెయ్యి. మెత్తగా ఉండాల, పుండు మీద ఆనినా నొయ్యకూడదు. దీపావళి దాటి నెలలోగా ఒక్కటీ అమ్ముడుపోకపోతే, మగ్గం నేనే విప్పి పెరుమాళ్ బండికి ఎక్కిస్తాను."

ధర్మలింగం లేచి మగ్గం పలక మీద కూర్చున్నాడు. ఆ నెలంతా ఆయన నేశాడు, సరసమ్మ కత్తిరించింది, మీనా నాడాలు కుట్టింది. మధ్యలో ఒకసారి వేలూరు వెళ్లి చూస్తే మిద్దెల మీద వట్టి తాళ్లే. ఫోను కవర్లవాడు గది ముందు కునుకుతున్నాడు. సరసమ్మ నవ్వలేదు. తాళ్లు మళ్లీ నిండకపోతే ఎట్లా అన్నది ఆమె ముఖంలో కనిపించింది.

దీపావళి పోయింది. లోగనాథన్ తన లాడ్జీ వరండాలో ఒక బల్ల పట్టేంత చోటిచ్చాడు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఒక్కరూ ఆగలేదు. వెళుతున్నవాళ్లు చూసేవాళ్లు, పోయేవాళ్లు. మీనా నాడాలు విప్పి కడుతూ, కట్టి విప్పుతూ కూర్చుంది.

అప్పుడు ఒకామె ఆగింది. పక్కన మొగుడు, మెడ కింది నుంచి నడుము దాకా కట్టు, పైన దుప్పటి. ఆమె చొక్కాను చేత్తో తడిమి, చెంపకు ఆనించుకుంది. ఆమెకు ఇక్కడి మాట రాదు. మీనా లేచింది. సిగ్గుతో చెవులు మండుతున్నా, నాడాలు ఎట్లా విప్పాలో తన ఒంటి మీదే పెట్టి చూపించింది. ఆమె ముఖం విచ్చుకుంది. రెండు వేళ్లు చూపించింది.

"రెండెందుకమ్మా? మనిషి ఒక్కడే కదా," అంది సరసమ్మ.

ఆమె ఒక చొక్కాను మొగుడి మీద కప్పింది. రెండోదాన్ని నీళ్లలో ముంచి పిండినట్లు చూపించి, చెయ్యెత్తి పైన మిద్దె వైపు చూపింది.

సరసమ్మ మీనా వైపు తిరిగింది. ఇన్నాళ్లూ మనిషికొకటి అనుకుంటూ వచ్చారు. ఒంటి మీద ఒకటి, తాడు మీద ఒకటి. వచ్చే ప్రతి మనిషికీ రెండు!

"అమ్మవారా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఫోను తీసి, ధర్మలింగం ఎత్తేదాకా ఆగి, సందంతా వినబడేలా చెప్పింది.

"ఏమయ్యా, పెరుమాళ్ వస్తే మగ్గం ఇచ్చేది లేదని చెప్పెయ్యి. ఇంకో మగ్గం యాడైనా ఉంటే మనకే చూపించమను."