పానా భోజనానికి కూర్చున్నాడు

వీధిలో అతన్ని అందరూ పానా అంటారు. అసలు పేరు భార్యకూ ఆస్పత్రి చీటీకీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. కుళాయి కారినా, సింకు నిండినా, మేడ మీదికి నీళ్లెక్కకపోయినా "పానాని పిలవండి" అంటారు. ఫోనులో మాట పూర్తయ్యేలోపే సంచి భుజాన వేసుకుని బయల్దేరే రకం అతను. వచ్చీ రాగానే మెయిన్ వాల్వు కట్టేస్తాడు. తర్వాత సింకు కింద తల దూర్చి, పెదవి విరిచి, "ఎవరు చేశారండీ ఈ పని?" అంటాడు. అంతకుముందు ఎవరు చేసినా సరే, వాళ్లకి పని రాదని అతని తీర్పు. ఆ మాట అనకుండా అతను పైపు మీద చెయ్యి వేయడం ఎవరూ చూడలేదు.

తిండి దగ్గరా అదే హడావిడి. ఇంటికి నీళ్లు కట్టేసి, ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని ఎదురుచూస్తుంటే తీరిగ్గా కూర్చుని తినడం ఏం మర్యాద? అందుకని నిలబడే తినేవాడు. ముద్ద నోట్లో పడడం, గొంతు దిగడం ఒకేసారి జరిగిపోయేవి. నమలడమంటే పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని అతని ఉద్దేశం. ఇంటికొచ్చి తిన్నా అంతే. పెళ్లయిన కొత్తలో భార్య, "కాస్త కూర్చోండి, నేనింకా తింటున్నాను" అనేది. "అక్కడ నీళ్లు కట్టేసి వచ్చానే!" అంటూ తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని గుమ్మం దాటేవాడు. కొన్నాళ్లకు ఆమె అనడం మానేసింది. మానేసిందన్న సంగతి అతనికి తెలియనే తెలియదు.

అలా మింగి మింగి మనిషి పీపాలా తయారయ్యాడు. షుగరు వచ్చింది. మోకాళ్లు మొరాయించాయి. వాటినైనా ఎలాగోలా భరించేవాడే కానీ, ఒకరోజు ఒక మేడ మీది నీళ్ల ట్యాంకులోకి దిగి, మళ్లీ పైకి రాలేకపోయాడు. మూతి దగ్గర నడుము ఇరుక్కుపోయింది. ఇంటాయన, ఆయన తమ్ముడు కలిసి నడుముకి సబ్బు పూసి లాగితే బయటపడ్డాడు. వీధి వీధంతా డాబాలెక్కి చూసింది. నవ్వినవాళ్ల మీద అతనికి కోపం రాలేదు. చాలా సిగ్గేసింది. మర్నాడే ఆస్పత్రికి వెళ్లాడు.

సర్జన్ చెప్పింది అతనికి చటుక్కున ఎక్కింది. పొట్ట పైభాగం చుట్టూ ఒక పట్టీ వేస్తారు. దాని పైన చిన్న సంచి లాంటి చోటు మిగులుతుంది. కాస్త తినగానే అది నిండి ఆకలి తీరుతుంది. చర్మం కింద పెట్టిన చిన్న మూతిలోంచి సూదితో నీళ్లెక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది.

"అంటే వాల్వే కదండీ!" అన్నాడు పానా, బంధువు కనబడ్డట్టు సంబరపడిపోతూ.

"వాల్వు కాదు," అన్నాడు సర్జన్. "సాయం. తినే పద్ధతి మార్చుకోవాల్సింది మీరే. ఇంకోమాట. మీ గుండె ఉన్న పరిస్థితికి పెద్ద ఆపరేషన్లు కుదరవు. ఉన్నది ఇదొక్కటే దారి. దీన్ని పాడు చేసుకుంటే మళ్లీ మొదటికే వస్తారు."

ఆ హెచ్చరిక అతని చెవిన పడింది కానీ, "వాల్వు" అన్నమాట దగ్గరే బుర్ర ఆగిపోయింది.

ఆపరేషన్ అయ్యాక ఆహారం సంగతి చెప్పడానికి ఒక పడుచుపిల్ల వచ్చింది. "బాబాయ్‌గారూ, ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత మెత్తగా ఉడికిన కూరగాయలు, చోటుంటే చివర్లో రొట్టె. చిన్న ముక్క నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేయండి. అది గుజ్జయ్యేదాకా నమిలి మింగితేనే మళ్లీ చెంచా ముట్టుకోవాలి. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు. నిలబడి అసలు తినొద్దు."

"చెంచా కింద పెట్టి ఏం చెయ్యమంటావమ్మా? దాని మొహం చూస్తూ కూర్చోనా?"

"అవును బాబాయ్‌గారూ, చూస్తూ కూర్చోండి."

ఆ రోజు నుంచి ఆమె పేరు చెంచా మేడం అయిపోయింది.

మొదట్లో బాగానే తగ్గాడు. ప్యాంట్లు జారాయి, బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు కొట్టుకున్నాడు. పనిలో పడ్డాక కథ మొదటికొచ్చింది. ముళ్ల మీద కూర్చున్నట్టు ఒక్క పూట కూర్చునేవాడు, మర్నాడు నిలబడే కానిచ్చేవాడు. హడావిడిగా మింగిన కోడిమాంసం ముక్క గుండెల దగ్గర ఆగిపోయేది. చిక్కుడుకాయా అంతే. ఐస్‌క్రీం మాత్రం హాయిగా జారిపోయేది. టీలో నానిన బిస్కెట్టూ అంతే. లోపల పట్టీకి మంచిదేదో చెడ్డదేదో ఏం తెలుసు? మెత్తగా ఉన్నదాన్ని పోనిచ్చేది. అలా చేప మాని ఐస్‌క్రీం తిని, బరువు తగ్గడంలేదేమిటని ఆశ్చర్యపోయాడు పానా.

ఆశ్చర్యపోయి ఊరుకుంటే బాగుండేది. సర్జన్ దగ్గరికెళ్లి, "లీకవుతోందండీ, బిగించండి" అన్నాడు.

"తిన్నది ఎక్కడైనా అడ్డం పడుతోందా? వాంతులవుతున్నాయా?"

"అబ్బే."

పక్కనే ఉన్న భార్య అతని వైపు చూసింది. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో అతను కక్కుకోవడం ఆమెకు తెలుసు. నోరు తెరవబోయింది. పానా ఉరిమి చూసేసరికి ఊరుకుంది. సర్జన్ సూదితో మరికొంచెం నీళ్లెక్కించాడు. పట్టీ బిగిసింది.

ఆ తర్వాత వారమే, బేకరీలో పైపు పగిలింది. బేకరీ ఆవిడ గోల పెట్టేస్తోంది, పొయ్యిలు వేడెక్కి ఉన్నాయి, బయట జనం. పానా వాల్వు కట్టేసి, అతుకు వేసి, అది ఆరేలోపు ఆవిడ చేతికిచ్చిన రొట్టె, మాంసం ముక్కలు అలవాటు ప్రకారం నిలబడే గుటుక్కుమనిపించాడు. రెండో ముద్దకే గుండెల మధ్య ఇనపగోళం దిగబడ్డట్టయింది. నోట్లో ఉమ్మి ఊరిపోతోంది, మింగుడుపడదు.

ఇక్కడే తన విద్య ప్రదర్శించాడు. అడ్డం పడిన పైపుని నీళ్లతో గట్టిగా కొడితే తెరుచుకుంటుందని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. సీసా ఎత్తి గటగటా తాగేశాడు. నీళ్లు కిందికి పోలేదు. నొప్పి రెట్టింపయింది. అయితే ఇంకాస్త జోరు కావాలనుకుని ఇంకో సీసా ఎత్తాడు. మరొకరెవరైనా అయితే మొదటి గుక్కకే ఆపేసేవారు. ఇంత తప్పు చేయడానికి ప్లంబరే కావాలి.

పిండి చల్లిన నేల మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు. నురుగు, నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. బేకరీ ఆవిడ హడలిపోయి అతని భార్యకు ఫోను చేసి, టాక్సీ పిలిచింది. టాక్సీ ఎక్కుతూ కూడా, "వాల్వు... వాల్వు తిప్పండి" అని సైగ చేశాడట. అంత ప్రాణాపాయంలోనూ పక్కవాళ్ల నీళ్ల ధ్యాసే.

సర్జన్ పట్టీలోని నీళ్లన్నీ లాగేశాడు. ఊపిరాడింది. తర్వాత తెల్లటి మందు తాగించి, ఎక్స్‌రే యంత్రం ముందు నిలబెట్టి, తెర అతని వైపు తిప్పాడు. తెల్లగా గొంతులోంచి దిగుతున్న దారి కనిపించింది. పట్టీ పైన, చిన్నగా ఉండాల్సిన సంచి ఉబ్బి పక్కకి వాలిపోయి ఉంది. కట్టేసిన వాల్వు వెనక ఒత్తిడి పెంచితే అతుకు దగ్గర పైపు ఎలా ఉబ్బుతుందో అచ్చం అలాగే. అలాంటివి ఎన్నో చూశాడు. పెదవి విరిచాడు. "ఎవరు చేశారండీ ఈ..." అని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకి జవాబు తెలిసి నోరు మూసుకున్నాడు.

"పట్టీ వదులుగా ఉంచుతాను," అన్నాడు సర్జన్. "కొన్ని వారాలయ్యాక మళ్లీ ఎక్స్‌రే తీసి చూద్దాం. ఈ సంచి మామూలుగా అయితే పట్టీ ఉంటుంది. కాకపోతే తీసెయ్యాలి. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు."

"మరి పట్టీ వదులైతే నన్ను ఆపేదెవరండీ?"

సర్జన్ పక్కకి చూశాడు. చెంచా మేడం కూడా అక్కడే ఉంది. ఆమె చేతిలోని చెంచా ఎత్తి చూపించింది.

ఇంటికొచ్చాక అసలు నరకం మొదలైంది. ఆకలి తిరిగొచ్చింది, ఆవురావురుమంటూ. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. ఫ్రిజ్ తెరిచేవాడు, మూసేవాడు. ట్యాంకు మూతి కళ్లలో మెదిలేది, సబ్బు నురగా, డాబాల మీద జనమూ కనిపించేవాళ్లు. పట్టీ పోతే మళ్లీ అందులో ఇరుక్కుంటానని భయం. ఐస్‌క్రీం డబ్బా తీసి భార్య చేతికిచ్చి, "ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. పక్కింటికి ఇచ్చేసి వచ్చేలోపు, ఎందుకిచ్చానా అని అల్లాడిపోయాడు.

భోజనానికి కూర్చోవడం అన్నింటికన్నా కష్టమైంది. ఉడికించిన చేప ముక్క, మెత్తటి గుమ్మడికాయ, రెండు చెంచాల పప్పు. ముక్క నోట్లో పెట్టుకుని చెంచా కింద పెట్టేవాడు. చెయ్యి ఖాళీ అయ్యేసరికి పిచ్చెక్కేది. ఉప్పుడబ్బా మూత విప్పేవాడు, బిగించేవాడు. బల్ల కాలు వదులుగా ఉందని కిందికి వంగబోతే భార్య, "ముందు నమలండి" అనేది. మోకాలు టకటకా ఆడుతుంటే బల్ల మీద గిన్నెలు గలగలలాడేవి.

అలా దిక్కులు చూస్తుంటే ఒకరోజు వంటింటి కుళాయి కంటబడింది. మూతికి పాతగుడ్డ కట్టి ఉంది. గుడ్డ చివర నుంచి చుక్క చుక్కగా నీరు కారుతోంది.

"ఇదెప్పటి నుంచి కారుతోందే?"

"మీకు తీరికలేని రోజుల నుంచి," అంది భార్య.

లేవబోయాడు. ఆమె మళ్లీ, "ముందు నమలండి" అంది. కూర్చున్నాడు. చుక్క పడింది, నమిలాడు. మళ్లీ చుక్క పడింది, మళ్లీ నమిలాడు. చేప గుజ్జయి దానంతటదే జారిపోయింది, ఎక్కడా ఆగలేదు. చేపకి రుచి ఉంటుందని అప్పుడే తెలిసింది. మర్నాడు భార్య గుర్తుచేసినా కుళాయి బాగుచేయలేదు. "ఎక్స్‌రే అయ్యేదాకా దాని జోలికి పోకు" అన్నాడు. సొంత ఇంట్లో కారే కుళాయి మీద ఆధారపడి ప్లంబరు బతికాడు.

అన్ని పూటలూ సజావుగా సాగలేదు. ఒక పూట చెంచా విసిరికొట్టాడు. ఒక పూట తినడం ఆపేసి సంచి భుజాన వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, చల్లారిన పప్పు ముందు మళ్లీ కూర్చున్నాడు. పనికి పిలిచినవాళ్లకి, "తిని వస్తా, అప్పటిదాకా వాల్వు ముట్టుకోకండి" అని చెప్పడం నేర్చుకున్నాడు. వాళ్లు గొణుక్కున్నారు. ఎవరి కొంపా మునగలేదు.

ఎక్స్‌రే రోజు వచ్చింది. తెల్లమందు తాగి తెర వైపు చూడకుండా భార్య మొహం వైపు చూశాడు. ఆమెకేం తెలుస్తుంది? ఆమె సర్జన్ మొహం వైపు చూస్తోంది.

"తగ్గింది," అన్నాడు సర్జన్. "సంచి తగ్గింది. పట్టీ దాని చోట అది ఉంది. ఇక తీయక్కర్లేదు."

పానాకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మరి ఎంత బిగించమంటారు?" అని సూది చేతిలోకి తీసుకుంటూ నవ్వాడు సర్జన్.

"మీ ఇష్టం బాబూ. నా మాట మాత్రం వినకండి."

ఆ సాయంత్రం కుళాయి విప్పి, కొత్త వాషరు వేసి బిగించాడు. భార్య వచ్చి, ఆ పాతగుడ్డ రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, అచ్చం అతనిలాగే పెదవి విరిచి, "ఎవరు చేశారండీ ఈ పని?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

రాత్రి భోజనానికి కూర్చున్నారు. చుక్కల చప్పుడు లేదు. దేన్ని పట్టుకుని నమలాలో తెలియక పానా భార్య చేతిని చూశాడు. ఆమె తుంచుకున్నప్పుడు తుంచుకున్నాడు. ఆమె నమిలేదాకా నమిలి, ఇంకా నమిలాడు. అతని పళ్లెంలో సగం ఉండగానే ఆమెది అయిపోయింది. అలవాటుగా పళ్లెం తీసుకుని లేచింది.

"కాస్త కూర్చో," అన్నాడు. "నేనింకా తింటున్నాను."

ఆమె ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది పానాకి. ఎక్కడ విన్నాడో గుర్తుకొచ్చాక, నోట్లో ముక్క నమలడం మరిచిపోయాడు. పెళ్లయిన నాటి నుంచి మొన్నమొన్నటిదాకా ఈ బల్ల దగ్గర ఆమె ఒక్కతే తింది.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

"నెమ్మదిగా తినండి," అంది. "నేనెక్కడా నీళ్లు కట్టేసి రాలేదు."